డబ్బా చాలు చేసిన ఆదివారం

"ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఫోన్ ఆయనకివ్వండి మేడం" అన్నాడు ఇంటర్నెట్ కంపెనీ మనిషి.

ఆ వారంలో ఈ మాట వినడం నాకు నాలుగోసారి. నాలుగుసార్లూ నలుగురు వేర్వేరు మనుషులు మాట్లాడారు, మాట మాత్రం ఒక్కటే. మా ఇంట్లో సార్ లేడు, ఇదివరకూ లేడు, ఇకముందు వచ్చే సూచనలు కూడా లేవు అని చెప్పాను. అవతల మనిషి, పోనీ పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగాడు. నాకు యాభై మూడేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు కంప్యూటర్ ముందు కూర్చునే నా తిండి నేను సంపాదించుకున్నాను. నా ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్ సంగతి నాకు చెప్పడానికి వీళ్లకు ఒక మగాడో పిల్లాడో కావాలట. ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగినా చల్లారలేదు.

శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు పెద్ద దూరం లేని కాలనీలో, ఒక రెండంతస్తుల ఇంటి పైపోర్షన్‌లో పదకొండేళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. మాది గుంటూరు వైపు. కింద ఉండే ఇంటివాళ్లది మాత్రం ఈ నేలే. తాతల నాటి నుంచి సేద్యం. ఎయిర్‌పోర్టు వచ్చి చుట్టుపక్కల అంతా మారిపోయినా, మంఖాల్ వైపు వాళ్లకు ఇంకా కొంత పొలం మిగిలింది. ఇంటాయన తెల్లవారకముందే అక్కడికి వెళ్లి పొద్దుగూకాక వస్తాడు. ఇంటి పెత్తనమంతా ఆయన భార్యదే. నాకంటే మూడేళ్లు పెద్దది. నేను అక్కా అని పిలుస్తాను. ఆమె మొదట్లో నన్ను మేడం అనేది, తర్వాత ఎప్పుడు మొదలైందో గుర్తులేదు కానీ చెల్లె అయ్యాను. "అక్క అంటవ్, మల్ల మీరు అంటవ్. గదేంది?" అని చాలాసార్లు అడిగింది. అలవాటు అక్కా, పోదు అనేదాన్ని.

మా రెండిళ్లకూ కలిపి ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్కటే. అది ఆమె భర్త పేరు మీద ఉంది. కంపెనీ ఇచ్చిన రూటర్‌ని వాళ్ల హాల్లో, టీవీకి పైన, గోడకు మేకు కొట్టి తగిలించారు. అక్క దాన్ని డబ్బా అంటుంది. కొన్నాళ్లకు నేనూ డబ్బా అనే అనడం మొదలుపెట్టాను. దాని వల్ల నేను పడ్డ బాధలకు రూటర్ అనే పేరు మరీ మర్యాదగా ఉంటుంది.

ఆ డబ్బాతో నాకేం పనో చెప్పాలి. నేను ఒక కంపెనీకి ఆసుపత్రి బీమా కాగితాలు సరిచూసే పని చేస్తాను. రెండేళ్ల క్రితం నా నడుముకు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి బస్సులో అరగంట కూర్చుంటే కాళ్లలోకి నొప్పి దిగుతుంది. ఆఫీసేమో నగరానికి అవతలి చివర. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూసి, ఇంటి నుంచే పని చేసుకోమని అనుమతి ఇచ్చారు. రోగుల కాగితాలు కాబట్టి సెల్‌ఫోన్ నెట్‌తో చేస్తే ఒప్పుకోరు, ఇంటి లైన్ మీదే చెయ్యాలి. ఆ లైన్ రోజుకు మూడు నాలుగుసార్లు పోవడం మొదలైంది. పోయినప్పుడల్లా నేను చూస్తున్న కాగితం సగంలో ఆగిపోయేది, ఆఫీసులో ఎర్ర గుర్తు పడేది.

రెండు నెలలు ఓపిక పట్టి, చివరికి పైఅధికారి ఉత్తరం పంపాడు. రాబోయే సోమవారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా లైన్ మీద కన్నేసి ఉంచుతారట. ఒక్కసారి తెగినా ఇంటి నుంచి పనిచేసే అనుమతి రద్దు. ఆ తర్వాత రోజూ ఆఫీసుకు రావాలి. నేను రాలేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఉద్యోగం పోయిందని చెప్పడానికి అది మర్యాదైన పద్ధతి.

అంతకుముందే అత్తాపూర్ నుంచి కంపెనీ టెక్నీషియన్ ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు. నిలబడే చూశాడు, డబ్బాను గోడ మీద నుంచి దించనైనా దించలేదు.

"ఎయిర్‌పోర్ట్ దగ్గర గిట్లనే ఉంటది మేడం. ఇమానాలు పోతుంటే సిగ్నల్ కట్ అయితది" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది కదా. నేల లోపల గాజు తీగలో వచ్చే ఇంటర్నెట్‌కు ఆకాశంలో పోయే విమానంతో ఏం తగువో నాకు అర్థం కాలేదు. ఊరుకోలేదు నేను. పాత డైరీ ఒకటి ముందు పెట్టుకుని మూడు రోజులు రాశాను. ఒక వరుసలో నెట్ పోయిన సమయం, ఇంకో వరుసలో నెత్తి మీద విమానం పోయిన సమయం. కిటికీ అద్దాలు వణికేంత కిందినుంచి పెద్ద విమానం పోయినప్పుడు నెట్ నిక్షేపంగా ఉంది. పిట్ట కూడా ఎగరని వేళ పోయింది. ఈ సంగతి ఫోన్‌లో చదివి వినిపిస్తే, మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నారు మేడం అన్నారు.

చివరికి ఒకమ్మాయి మాత్రం నిజం చెప్పింది. డబ్బాలో ఉన్న ఫర్మ్‌వేర్ పాతది అయిందట. ఫర్మ్‌వేర్ అంటే డబ్బాకు దాని కంపెనీ పుట్టుకతో పెట్టిన బుద్ధి అనుకోవచ్చు. ఎవరికి దారి ఇవ్వాలి, ఎప్పుడు నిద్ర లేవాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. ఆ పాత బుద్ధిలో ఒక తప్పు ఉంది, అందుకే మా మోడల్ డబ్బాలు మధ్యమధ్యలో సొమ్మసిల్లుతున్నాయి, సరిచేసిన కొత్తది వచ్చింది అని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే వెయ్యండమ్మా అన్నాను. మా వైపు నుంచి దానంతటదే వస్తుంది మేడం, ఎప్పుడని చెప్పలేం అంది. పోనీ నేను వేసుకుంటాను, ఎలాగో చెప్పమన్నాను. కస్టమర్లు ముట్టుకోకూడదు అంది. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఆ తర్వాత చేసిన ఫోన్‌లోనే పైన చెప్పిన మనిషి సార్‌ను పిలవమన్నాడు.

సరే, నేను ముట్టుకుంటాను అని ఆ సాయంత్రమే అనుకున్నాను.

వెతికితే కొత్త ఫర్మ్‌వేర్ ఫైలు ఎక్కడో దొంగ మూలల్లో లేదు. ఆ కంపెనీ సైట్‌లోనే, సహాయం పేజీలో అడుగున, మా డబ్బా మోడల్ నంబరు పక్కనే ఉంది. ఎలా వెయ్యాలో కూడా రాశారు. డబ్బాను వైరుతో ల్యాప్‌టాప్‌కు కలపాలి, డబ్బా కింద అతికించిన కాగితం మీది పాస్‌వర్డ్‌తో దాని పేజీ తెరవాలి, ఫైలు ఎక్కించాలి, పచ్చ లైటు వచ్చి నిలబడేదాకా కరెంటు తియ్యకూడదు. ఆ తర్వాత ఒకసారి ఆపి మళ్లీ వెయ్యాలి. ఇంతే. దీనికి సార్ ఎందుకో ఆ పేజీలో ఎక్కడా రాయలేదు.

డబ్బా నాది కాదు కాబట్టి కిందికి వెళ్లి అక్కకు అంతా చెప్పాను. తేడా వస్తే డబ్బా పూర్తిగా చచ్చిపోవచ్చని కూడా దాచకుండా చెప్పాను. ఆమె అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇప్పుడేమన్న బతికున్నదా గది?"

తర్వాత ఆమె తన మోటర్ సంగతి చెప్పింది. కొత్తగా పెళ్లై వచ్చిన రోజుల్లో పొలం దగ్గర మోటర్ స్టార్టర్ చెడిపోయిందట. మెకానిక్ ఇవాళ వస్తా రేపొస్తా అని తిప్పాడు. మడి ఎండిపోతోంది. ఈమె మూత విప్పి, మాడిపోయిన వైరు కోసి, మంచి వైరు కలిపి మూత పెట్టేసింది. ఆడదానికి కరెంటుతో పనేంటని నవ్వినవాళ్లే తర్వాత తమ స్టార్టర్లు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు. ఇప్పటికీ పొలం వెళ్తే మోటర్ దగ్గర ఆమె మాటే చెల్లుతుంది. అందుకని నాకు ఒక షరతు పెట్టింది. మోటర్ కాడ ఒకరు, స్టార్టర్ కాడ ఒకరు ఉండాలె, ఒక్కళ్లు చేసే పని కాదిది అంది.

మా డబ్బాకు ఆ షరతు అచ్చంగా సరిపోయింది. ఎందుకంటే ఇన్వర్టర్ లైన్ ఉన్న స్విచ్‌బోర్డు హాల్లో లేదు, లోపలి గదిలో ఉంది. డబ్బా కరెంటు వైరు గోడకు కొట్టిన రంధ్రంలోంచి ఆ గదిలోకి పోతుంది. కాబట్టి లైట్లు చూసే మనిషి హాల్లో ఉండాలి, స్విచ్ వేసే మనిషి లోపల ఉండాలి. ఒకరికొకరు కనిపించరు. మాట మాత్రం వినిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాం. నేను ల్యాప్‌టాప్, పొడుగాటి వైరు తీసుకుని లోపలి గదిలో స్విచ్‌బోర్డు పక్కన కుర్చీ వేసుకున్నాను. అక్క హాల్లో డబ్బా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. పచ్చ లైటు నిలబడ్డాక నాకు చెప్పాలి, అంతవరకు ఏమీ చెయ్యకూడదు అని వివరించాను. అర్థమైంది, నువ్వు కానీ అంది. ఫైలు ఎక్కించాను. పచ్చది కొట్టుకుంటున్నదని హాల్లోంచి చెప్పింది. నా చెయ్యి స్విచ్ మీద ఉంది. అప్పుడే ఎందుకు పెట్టానో తెలీదు, భయానికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది.

కొత్త బుద్ధి ఎక్కుతున్నప్పుడు మధ్యలో ఒక నిమిషం డబ్బా లైట్లన్నీ ఆరిపోతాయి. ఈ సంగతి నేను చదివాను. అక్కకు చెప్పడం మర్చిపోయాను. ఆమె కళ్లకు అది నడుస్తున్న మోటర్ ఆగిపోయినట్టే. ఆగిన మోటర్‌ని ఏం చెయ్యాలో ఆమెకు నలభై ఏళ్లుగా తెలుసు. హాల్లోంచి గట్టిగా అరిచింది.

"చాలు చెయ్ చెల్లె, చాలు చెయ్."

నేను టక్కున స్విచ్ ఆపేశాను.

తర్వాత ఆమె గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎందుకు బంద్ చేసినవ్?"

"మీరే కదా అక్కా చాలు అన్నారు."

"చాలు చెయ్ అన్న. బంద్ చెయ్ అన్లే."

ఇక్కడి మనుషులకు చాలు చెయ్యడమంటే మొదలుపెట్టడం. మోటర్ చాలు చేస్తారు, బండి చాలు చేస్తారు, ఆగిన పని మళ్లీ చాలు అవుతుంది. సరిపోయింది అనడానికి అక్క నోట వచ్చే మాట సాలు. ఆమె భాషలో ఆ రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డం రావు. నా భాషలో ఉన్నది ఒకటే చాలు. దానికి అర్థం ఇక ఆపమని. ఆమె తన భర్తకు ఫోన్‌లో మోటర్ చాలు చెయ్యమని చెప్పడం పదకొండేళ్లుగా రోజూ నా చెవిన పడుతూనే ఉంది. తెలియని మాట కాదు. కానీ భయమేసినప్పుడు చెవి పుట్టింటికి పరుగెత్తుతుంది.

తమాషా ఏమిటంటే ఆమె మాట సరిగ్గా అర్థమైనా నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. స్విచ్ అప్పటికే వేసి ఉంది. ఊరికే కూర్చుంటే సరిపోయేది.

మళ్లీ స్విచ్ వేశాను. ఇద్దరం హాల్లోకి వెళ్లి చూశాం. ఒక ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. అయిదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం, అది కదల్లేదు. ల్యాప్‌టాప్‌లో డబ్బా పేజీ తెరుచుకోలేదు. పాత బుద్ధి పోయింది, కొత్తది సగంలో తెగింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. రోజుకు నాలుగుసార్లు సొమ్మసిల్లే డబ్బా పోయి అసలు లేవని డబ్బా మిగిలింది. తెల్లవారితే సోమవారం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూ ఉండేది. సోఫా అంచున కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడట్లేదన్నట్టు కాదు, బాగానే పైకి వినిపించేలా ఏడ్చాను.

అక్క ఓదార్చలేదు. ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగి, మాట ఎవరిదైతేంది, డబ్బా సచ్చింది, ఇప్పుడు ఏం చేద్దామో చెప్పమంది. తర్వాత ఆమే కంపెనీకి ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి నాకిచ్చింది. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. అవతలి మనిషి చాలా తృప్తిగా విన్నాడు. మీరు ముట్టుకున్నారు కాబట్టి బాధ్యత మీదే అన్నాడు. కొత్త డబ్బా రావడానికి నాలుగైదు రోజులైనా పడుతుందట, అందుకే ఇలాంటివి లేడీస్ చెయ్యకూడదు మేడం అని సలహా కూడా ఇచ్చాడు. అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నువ్వు ఇప్పటిదాంక ఎన్ని డబ్బాలు ఇప్పి చూసినవ్ తమ్మీ?"

ఆయన కాస్త తడబడి, తనది ఫోన్‌లో మాట్లాడే పని మాత్రమేనని చెప్పాడు.

"మేం ఒకటి చెడగొట్టినం. నీకన్న మాకే ఎక్కువ ఎరుక" అని పెట్టేసింది.

ఆ మాట నన్ను నిలబెట్టింది. నిజమే కదా అనిపించింది. చెడగొట్టినవాళ్లం మేమే, బాగుచేసేదీ మేమే, మధ్యలో వీళ్లెవరు. కళ్లు తుడుచుకుని, సెల్‌ఫోన్ నెట్ పెట్టుకుని, ఆ సహాయం పేజీని ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, మధ్యలో కరెంటు పోయి డబ్బా లేవకపోతే ఏం చెయ్యాలో ఉంది. డబ్బా అడుగున సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. కరెంటు ఆపి, ఆ రంధ్రంలో సూదిలాంటిది గుచ్చి లోపలి మీటను నొక్కి పట్టుకోవాలి. అలా నొక్కి ఉండగానే అవతల స్విచ్ వెయ్యాలి. ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలయ్యేదాకా వదలకూడదు. అప్పుడు డబ్బా ఏ బుద్ధీ లేకుండా, ఫైలు ఎవరిస్తారా అని ఎదురుచూస్తుంది. మా వైరింగ్ ధర్మమా అని ఆ పనికీ ఇద్దరు మనుషులు కావాలి.

సూది కోసం వెతకబోయాను. అక్క తన గాజుల మధ్య వేలాడుతున్న పిన్నీసు ఊడదీసి చూపించింది. దాన్ని తిన్నగా వంచి రంధ్రంలో పెట్టి చూస్తే కొలిచి చేసినట్టు దిగింది. ఆమె స్టూలెక్కి నిలబడింది. నేను లోపలి గదిలోకి వెళ్లబోతూ ఒక మాట అన్నాను.

"అక్కా, ఈసారి ఆన్ అనండి. ఆన్ అంటే నాకు తేలిగ్గా అర్థమవుతుంది."

ఆమె నా వైపు తిరిగి చూసింది. చేతిలో పిన్నీసు, ముఖంలో పట్టుదల.

"నేను చాలు అనే అంట. నా ఇంట్ల నా మాట ఎందుకు మార్చాలె? నువ్వే జర చెవి పెట్టి విను."

ఇంకెవరైనా అని ఉంటే నాకు కోపం వచ్చేది. అప్పుడు మాత్రం సిగ్గేసింది. నా మాట వినని కంపెనీవాళ్ల మీద వారం రోజులుగా నిప్పులు చెరుగుతున్నాను. మరి పదకొండేళ్లుగా ఈమె మాట నేనెంత విన్నాను? మా ఊరు వెళ్లినప్పుడు చుట్టాల దగ్గర ఆమె చాలు చెయ్యడాన్ని, పరేషాన్‌ని, గిట్లను, గట్లను అనుకరించి నవ్వించేదాన్ని. ఆ నవ్వుల్లో పడి ఆ మాటలు మనుషులు పనిచేసుకునే మాటలని మర్చిపోయాను. సార్‌కు ఫోన్ ఇవ్వమన్న మనిషికీ నాకూ మధ్య దూరం నేను అనుకున్నంత లేదని ఆ గుమ్మంలో నిలబడి ఒప్పుకోవాల్సి వచ్చింది.

లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. స్విచ్ ఆపి ఉంది. వేలు దాని మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. ఆ మోత తగ్గేదాకా ఇద్దరం ఆగాం. ఆ టెక్నీషియన్ అన్నదాంట్లో ఒక్కటి నిజం, విమానాల వల్ల సిగ్నల్ ఆలస్యమవుతుంది.

"చాలు చెయ్" అంది అక్క, మామూలు గొంతుతో.

స్విచ్ వేశాను.

ఎర్రది కొట్టుకుంటున్నదని ఆమె చెప్పింది. నేను ఫైలును మూడోసారికి గానీ సరిగ్గా ఎంచుకోలేకపోయాను. ఎక్కడం మొదలైంది. చెయ్యి స్విచ్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మధ్యలో లైట్లన్నీ ఆరిపోతాయని ఈసారి ముందే చెప్పాను. అనుకున్నట్టే ఆరిపోయాయి.

"అన్ని బంద్ అయినయ్. నేనైతే ఏమంటలేను" అంది హాల్లోంచి.

ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చినట్టుంది, స్టూలు కిర్రుమంది. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో చెప్పలేను. వంటింట్లో ఫ్రిజ్ ఆగి మళ్లీ మోగడం విన్నాను. వీధిలో ఎవరో బండి చాలు చేస్తున్నారు, అది అవ్వట్లేదు, మళ్లీ మళ్లీ చేస్తున్నారు. తర్వాత అక్క గొంతు వినిపించింది. పచ్చది వచ్చింది అంది. కాసేపాగి, నిలబడ్డది అంది. పేజీలో రాసినట్టు ఒకసారి ఆపి మళ్లీ వేశాను, పచ్చది మళ్లీ వచ్చిందని చెప్పింది. నేను గుమ్మం దాటి వచ్చేసరికి స్టూలు దిగి, పిన్నీసు మళ్లీ వంచి గాజులకు తగిలించుకుంటోంది. ఆమె ముఖం చూస్తే బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో తనకే దక్కినట్టుంది.

సోమవారం ఉదయం తొమ్మిదికి నేను పైన పనిలో కూర్చున్నాను. అక్క కింద హాల్లో డబ్బా ఎదురుగా కూర్చుంది. అవసరం లేదని చెప్పినా వినలేదు. ఆ రోజు టీవీ పెట్టలేదు, ఎందుకంటే దాని వెలుతురుకు డబ్బా లైటు సరిగ్గా కనబడదట. గంటకోసారి మెట్ల దగ్గరికి వచ్చి, ఉన్నదా అని అడిగేది. ఉంది అనేదాన్ని. మధ్యాహ్నం పెద్ద గాలి వచ్చి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, డబ్బా కన్ను ఆర్పలేదు. ఆరు దాటింది. ఆరుంపావుకు పైఅధికారి దగ్గర నుంచి ఒక్క వాక్యం వచ్చింది, నా అనుమతి కొనసాగుతుందని. అభినందనలేమీ లేవు, నేను ఆశించనూ లేదు. కిందికి దిగి చెప్పాను. అక్క అప్పుడు లేచి నడుం విరుచుకుని టీవీ పెట్టుకుంది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. గురువారం మధ్యాహ్నం నేను కింద ఆమెతో కూర్చుని టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆ రోజు ఆమె భర్త ఫోన్ ఇంట్లో మర్చిపోయి పొలానికి వెళ్లాడు. ఇంటర్నెట్ కంపెనీ మనిషి. అక్క స్పీకర్‌లో పెట్టింది. మీ డబ్బాలో మేం పంపని ఫర్మ్‌వేర్ కనిపిస్తోంది, అలా మీరు సొంతంగా మార్చడం మా పద్ధతి కాదు, మా మనిషి వచ్చి మళ్లీ పాతదే వేసి వెళ్తాడు అన్నాడు. కొత్తది మీ సైట్‌లోదే కదా అని నేను పక్కనుంచి అన్నాను. అయినా సరే మేడం, మా వైపు నుంచి రావాలి అన్నాడు. పాతది వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రోజుకు నాలుగుసార్లు పోతుంది, ఎర్ర గుర్తు పడుతుంది, ఈసారి ఉత్తరం కూడా రాయరు. గ్లాసు కింద పెట్టేశాను.

"సార్ ఉంటే ఒకసారి ఫోన్ ఇవ్వండమ్మా" అన్నాడు చివర్లో.

"సార్ మోటర్ కాడ ఉన్నడు" అంది అక్క. "డబ్బా మా గోడకున్నది. మంచిగ నడుస్తున్నది. నీ మనిషిని పంపకు, వచ్చినా గేటు తియ్య."

అతను మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. పద్ధతి, కంపెనీ, బాధ్యత. అక్క వింటూ వింటూ నా వైపు చూసింది. ఆమె పెదాలు ఏదో కొత్త మాటకు సిద్ధమవుతున్నట్టు కదిలాయి. సాలు అనబోతోందనుకున్నాను. ఆమె ఫోన్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుని, మా గుంటూరులో మా అమ్మ అన్నట్టే, స్పష్టంగా, చ మీద బరువు పెట్టి ఒక్క మాట అంది.

"చాలు."

ఫోన్ పెట్టేసి నా ముఖంలోకి చూసింది.

"మీ దిక్కు చాలే గది. సక్కగ అన్ననా?"

"సక్కగ అన్నవక్కా" అన్నాను.